సిక్కోలు తీరంలో మూడు డిగ్రీల రేడియో

రేడియో ప్రసారం అనగానే పెద్ద టవరు, కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు, దానికి తగ్గ కరెంటు బిల్లు గుర్తుకొస్తాయి. మైక్రోవేవ్ బ్యాండ్ల మీద ప్రయోగాలు చేసే హ్యామ్‌ల, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపేవాళ్ల, లెక్క వేరు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర 200 మిల్లీవాట్ల పవర్ తీసుకుందాం. పడకగదిలో రాత్రంతా వెలిగే అరవాటు ఎల్ఈడీ బల్బు కన్నా అది తక్కువే. దాన్ని 60 సెంటీమీటర్ల డిష్‌కు ఇస్తే, ఆ కాస్త పవర్‌నూ డిష్ ఒకే దిక్కుకు పోగేసి సుమారు 2,500 రెట్లు చేసి పంపుతుంది. ఎదురుగా వినే మనిషికి అది 500 వాట్ల స్టేషన్‌తో సమానం. అడ్డేమీ లేని 100 కిలోమీటర్ల దారిలో సిగ్నల్ 153 డెసిబెల్ తగ్గుతుంది (ప్రతి పది డెసిబెల్‌కూ పది రెట్ల తేడా). వినే వైపు డిష్ అందులో 34 డెసిబెల్ తిరిగిస్తుంది. అన్నీ కూడి, తీసి చూస్తే, మనిషి గొంతు పట్టేంత సన్నని ఛానెల్‌లో సిగ్నల్ నాయిస్ (వెనక ఎప్పుడూ ఉండే రేడియో గోల) కన్నా 70 డెసిబెల్‌కు పైగా ఎక్కువే మిగులుతుంది. అంటే కోటి రెట్లకు పైమాటే.

కాబట్టి ఇక్కడ పవర్ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. డిష్ ఎటు చూస్తోంది, ఫ్రీక్వెన్సీ ఎక్కడ నిలబడింది, ఆ పూట గాలి ఎలా ఉంది అన్న మూడు సంగతులే ఆట గెలిపించేవీ ఓడించేవీ. వీటిలో రెండోది జేబుకు, ఓపికకు సంబంధించింది. మొదటిదీ మూడోదీ ఊరిని బట్టి మారతాయి. ఈ లెక్కన మహానగరంలో పదంతస్తుల అపార్ట్‌మెంట్ల మధ్య కూర్చున్న వాడికన్నా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నవాడు అదృష్టవంతుడు. పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం, నడుమ వరి పొలాల్లోంచి ఒంటరిగా లేచిన కొండలు. మైక్రోవేవ్‌కు ఇంతకన్నా మంచి ప్రయోగశాల అక్కర్లేదు.

మొదట దిక్కు సంగతి. 10 గిగాలో 60 సెంటీమీటర్ల డిష్ కిరణం వెడల్పు మూడున్నర డిగ్రీలకు మించదు. చెయ్యి చాచి పట్టుకుంటే రెండు వేళ్ల మందం. అవతలి డిష్‌దీ అంతే కిరణం. ఇద్దరూ ఒకరి రెండు వేళ్ల సందులో ఒకరు పడాలి. ఫోన్‌లోని దిక్సూచి ఐదు పది డిగ్రీలు తేలిగ్గా తప్పుతుంది, పక్కన బండి ఉంటే మరీను. అందుకే అలవాటు పడ్డవాళ్లు దాన్ని నమ్మరు. మ్యాప్ మీద గీత గీసి, ఆ గీత మీద కంటికి ఆనే గుర్తు ఒకటి ముందే చూసుకుంటారు: ఒక గుడి గోపురం, ఒక సెల్ టవరు, తీరంలో అయితే కళింగపట్నం లైట్‌హౌస్.

ఎత్తు లెక్క ఇంకా సులువు. మీటర్లలో ఉన్న ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో హెచ్చవేస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. పది మీటర్ల డాబాకు 13 కిలోమీటర్లు. వంద మీటర్ల కొండకు 41. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు. ఆ శిఖరం ఒడిశాలోనే ఉన్నా మందస వైపు ఆకాశంలో సగం అదే. అక్కడి నుంచి విశాఖ కైలాసగిరి సుమారు 170 కిలోమీటర్లు. రెండు వైపుల ఎత్తులూ కలిపితే కాగితం మీద అందుబాటులోనే ఉంది. మధ్యలో ఏ కొండ భుజం అడ్డొస్తుందో మాత్రం దారి పొడవునా నేల ఎత్తుపల్లాలు గీసి చూసుకోవాలి.

నిజానికి మహేంద్రగిరి దాకా ఎక్కనక్కర్లేదు. శాలిహుండం కొండ నుంచి రామతీర్థం కొండకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఇలాంటి దారికి రెండు చివర్లా చుట్టూ నేల కన్నా వంద మీటర్ల ఎత్తు దొరికిందనుకుందాం. 60 కిలోమీటర్లకు భూమి వంపు నడుమన 53 మీటర్లు లేస్తుంది. కిరణం కింద 47 మీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ సరిపోతుందా అన్నది ఫ్రీక్వెన్సీ తేలుస్తుంది. రేడియో కిరణం దారం కాదు, నడుమ లావెక్కిన కండె. 144 మెగాహెర్ట్జ్ తరంగానికి ఆ నడుమ చోట 176 మీటర్ల వ్యాసార్ధం ఖాళీ కావాలి. 10 గిగాకు 21 మీటర్లు చాలు. తరంగం పొడవును బట్టి 144 మెగాహెర్ట్జ్‌ను రెండు మీటర్ల బ్యాండ్ అనీ, 10 గిగాను మూడు సెంటీమీటర్ల బ్యాండ్ అనీ అంటారు. రెండు మీటర్ల బ్యాండ్‌కు ఇరుకైన దారి మూడు సెంటీమీటర్ల బ్యాండ్‌కు రాజమార్గం. చిన్న చిన్న గుట్టలు కూడా మైక్రోవేవ్‌లో విలువైనవి అయ్యేది ఇందుకే. శాలిహుండం మీద బౌద్ధ స్తూపాలున్నాయి, రామతీర్థం పుణ్యక్షేత్రం. ట్రైపాడ్ మోసుకుని వెళ్లేముందు సంబంధించిన వాళ్లను అడగడం మర్యాద, అవసరం కూడా.

చెట్ల దగ్గర కథ తిరగబడుతుంది. తేమ నిండిన ఆకు అంటే మైక్రోవేవ్‌కు తడి గోడే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నడుమ ఇంటి డాబా మీద డిష్ బిగిస్తే సిగ్నల్ తోట దాటదు. అక్కడ తోట దాటి ఒడ్డుకు పోవడమే మార్గం. ఒడ్డుకు పోతే ఇంకో తలుపు తెరుచుకుంటుంది.

గాలిలో రేడియో కిరణం తిన్నగా పోదు, కొద్దిగా కిందికి వంగుతుంది. గాలి వక్రీభవనం (కిరణాన్ని వంచే గుణం) ఎత్తుతో పాటు తగ్గడం దీనికి కారణం. మామూలు రోజుల్లో ఆ తగ్గుదల కిలోమీటరుకు సుమారు 40 యూనిట్లు. ఎప్పుడైనా అది 157 దాటిందంటే కిరణం వంపు భూమి వంపును మించిపోతుంది. అప్పుడు సిగ్నల్ పైకి పోలేక, గొట్టంలో పడ్డట్టు నీటి ఉపరితలాన్ని అంటుకుని పోతుంది. హ్యామ్‌లు దీన్నే డక్ట్ అంటారు. వక్రీభవనాన్ని అన్నిటికన్నా ఎక్కువ శాసించేది తేమ. కాబట్టి కింద తడిగాలి, పైన పొడిగాలి పొరలుగా పేరుకుంటే డక్ట్ పుడుతుంది.

ఈ వర్ణన వినగానే ఇక్కడి వాళ్లకు వేసవి మధ్యాహ్నం గుర్తుకు రావాలి. పడమటి నుంచి కొండలు దిగి వచ్చే వడగాలి ఎండి, కాగి ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి దాని కింద దూరుతుంది. ఒంటికి చల్లగా తగిలే ఆ గాలి కొన్ని వందల మీటర్ల మందమే. పైన ఇంకా పొడిగాలే. ఒకదానిమీద ఒకటి పరుచుకున్న ఈ రెండు గాలులూ కలిసి డక్ట్‌కు కావలసిన సరంజామా మొత్తం సమకూరుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయిలో పెట్టిన రాడార్‌కు వేసవిలో అరేబియా తీరం నుంచి ప్రతిధ్వనులు వచ్చాయని రాడార్ చరిత్రలో నమోదై ఉంది. ఆ దూరం వెయ్యి మైళ్లకు పైనే. 1957లో కాలిఫోర్నియా, హవాయి హ్యామ్‌లు పసిఫిక్ మీదుగా 144 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుకున్నది కూడా ఇలాంటి పొర పుణ్యమే. ఆ దారి 4,000 కిలోమీటర్లు. తరవాత అదే దారిలో మైక్రోవేవ్ బ్యాండ్లూ పలికాయి.

పెద్ద డక్ట్ రోజూ రాదు. రోజూ ఉండే చిన్నది ఒకటుంది, అది మైక్రోవేవ్ వాళ్ల సొంత ఆస్తి. సముద్రం మీద నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి నీటిని ఆనుకున్న మొదటి పది ఇరవై మీటర్లలో తేమ చాలా త్వరగా పడిపోతుంది. వెచ్చని సముద్రాల మీద ఆ సన్నని డక్ట్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. రెండు మీటర్ల పొడవున్న తరంగం అంత సన్నని దాంట్లో ఇమడదు. మూడు సెంటీమీటర్లది హాయిగా ఇముడుతుంది, ఐదు సెంటీమీటర్లది కూడా చాలా రోజుల్లో ఇముడుతుంది. అంటే కొండ ఎక్కమన్న సలహా ఇక్కడ చెల్లదు. డిష్‌ను ఇసుక మీద, నీటికి ఐదారు మీటర్ల ఎత్తులో నిలబెట్టాలి. ఆ ఎత్తులో రెండు స్టేషన్ల మధ్య మామూలు దిగంతం పట్టుమని ఇరవై కిలోమీటర్లు ఉండదు. కళింగపట్నం నుంచి పూరీకి సుమారు 240 కిలోమీటర్లు, చెన్నైకి 700 పైనే. మ్యాప్ మీద గీత గీస్తే రెండు దారులూ మొదటి నుంచి చివరి దాకా నీటి మీదే సాగుతాయి. మన తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉండడం వల్ల వచ్చిన లాభం ఇది. పశ్చిమ తీరంలో లాగా ఎదురుగా ఒమన్ లేకపోవచ్చు, కానీ తీరం వెంబడే ఇంత పొడవైన నీటి దారులు దొరకడం చిన్న సంగతి కాదు.

ఇదంతా ఇద్దరు ఉంటే సాగే ఆట. ఒక్కడే ఉన్నవాడికి ఆకాశంలో తోడు ఉంది. ఖతార్‌కు చెందిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహాన్ని 2018 నవంబరు 15న ఫాల్కన్-9 రాకెట్ ప్రయోగించింది. అందులో హ్యామ్‌ల కోసం పెట్టిన ట్రాన్స్‌పాండర్ల (ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే పెట్టెల) పేరు క్యూఓ-100. భూస్థిర కక్ష్యలో హ్యామ్‌లకు దక్కిన మొదటి ట్రాన్స్‌పాండర్లు అవే. 2,400 మెగాహెర్ట్జ్ దగ్గర పైకి పంపిన మాట 10,489.5 మెగాహెర్ట్జ్ పైన కిందికి వస్తుంది. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా దాని పరిధిలో ఉంటాయి. శ్రీకాకుళం నుంచి చూస్తే అది పడమరకు 11 డిగ్రీలు దక్షిణంగా, నేల నుంచి 22 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఊళ్లో డిష్‌లన్నీ దక్షిణానికో ఆగ్నేయానికో తలెత్తి చూస్తుంటే, కొండల వైపు తల వంచి చూసే డిష్ ఒక్కటి కనపడితే అది హ్యామ్‌దని గుర్తుపట్టవచ్చు.

వినడానికి కొత్తగా కొనాల్సింది తక్కువ. డీటీహెచ్ మార్చుకున్నప్పుడు డాబా మీద వదిలేసిన డిష్ ఉంటుంది. యూనివర్సల్ అని రాసి ఉన్న ఎల్ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే పరికరం), బయాస్ టీ అనే చిన్న పెట్టె ద్వారా కేబుల్‌లోకి ఎక్కించే 13 వోల్టులు, కంప్యూటర్‌కు గుచ్చే ఎస్‌డీఆర్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న రేడియో రిసీవర్) చాలు. ఎల్ఎన్‌బీ లోపల 9,750 మెగాహెర్ట్జ్ పుట్టించే ఆసిలేటర్ ఉంటుంది, వచ్చిన 10,489.5కూ దానికీ తేడా 739.5 మెగాహెర్ట్జ్ కేబుల్‌లో దిగుతుంది. టీవీ సెట్‌టాప్ బాక్సు 950కి కింద వినదు, డాంగిల్ వింటుంది.

బిగించేటప్పుడు అనుభవమున్న డిష్ కుర్రాళ్లు కూడా తడబడే చోటు ఒకటుంది. ఎల్ఎన్‌బీని దాని పట్టీలో తిప్పే కోణం. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది డీటీహెచ్ ఉపగ్రహాలు మన జిల్లాలకు బాగా ఎత్తున, దాదాపు సరిగ్గా దక్షిణాన ఉంటాయి కాబట్టి ఆ కోణం ఇంచుమించు సున్నా. క్యూఓ-100 మనకు 58 డిగ్రీలు పడమటికి ఉంది. అక్కడ నిలువుగా బయలుదేరిన తరంగం మనకు చేరేసరికి సుమారు 70 డిగ్రీలు ఒరిగి, దాదాపు అడ్డంగా కనపడుతుంది. ఎల్ఎన్‌బీని మామూలుగా నిటారుగా బిగిస్తే సిగ్నల్‌లో అధికభాగం పోతుంది. డిష్ దిక్కు సరిగ్గా ఉండి కూడా ఏమీ వినపడలేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

దిక్కు సరిచూసుకోవడానికి పరికరాలు లేకపోయినా సూర్యుడున్నాడు. అరసవల్లిలో మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని అందరికీ తెలుసు. ఆ రోజుల్లో సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు మూడు నుంచి ఐదు డిగ్రీలు దక్షిణాన ఉంటాడు. 18 డిగ్రీల అక్షాంశం నుంచి చూస్తే భూస్థిర ఉపగ్రహాల వరుస కూడా అదే రేఖకు మూడు డిగ్రీలు దక్షిణంగానే కనపడుతుంది. అంటే గుడిలో కిరణాలు పడే రోజులకు కాస్త అటూ ఇటూగా సూర్యుడు ఒక్కో ఉపగ్రహం వెనక నుంచీ దాటిపోతాడు. క్యూఓ-100 వెనకకు వచ్చేది మార్చి రెండో వారం చివర సాయంత్రం నాలుగున్నరకు కాస్త ముందు. అక్టోబరు మొదట్లో నాలుగు దాటాక. ఆ నిమిషాల్లో డిష్ మీద అక్కడక్కడా అంటించిన చిన్న అద్దం ముక్కల మెరుపు ఎల్ఎన్‌బీ మూతి మీద పడుతోందా లేదా చూస్తే చాలు. పడుతుంటే డాంగిల్ తెరమీద నాయిస్ కూడా కొన్ని డెసిబెల్ లేస్తుంది. ఆ లేవడమే సూర్యుడి నుంచి వచ్చిన రేడియో.

తరవాత వచ్చే తలనొప్పి ఫ్రీక్వెన్సీ. ఎల్ఎన్‌బీలో ఉండేది 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. దాన్ని 390 రెట్లు చేస్తే 9,750 అవుతుంది. క్రిస్టల్ పది లక్షల్లో ఒక వంతు జరిగితే ఆ చివర దాదాపు 10 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. టీవీ ఛానెల్ మెగాహెర్ట్జ్‌ల వెడల్పు కాబట్టి దానికి ఇది లెక్కే కాదు. హ్యామ్ గొంతు వెడల్పు మాత్రం 2.7 కిలోహెర్ట్జ్. మే నెల ఎండలో డాబా మీద కాగిన ఎల్ఎన్‌బీ, మబ్బు పట్టగానే చల్లబడి, వింటున్న మనిషిని సగం మాటలోనే తప్పించేస్తుంది. ట్రాన్స్‌పాండర్ రెండు అంచుల్లోనూ నడుమనా బీకన్లు (ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీలో పలికే గుర్తు సిగ్నళ్లు) పెట్టింది ఇందుకే. సాఫ్ట్‌వేర్ ఒక బీకన్‌ను పట్టుకుని, అది ఎంత జరిగితే మిగతావన్నీ అంత సర్దుకుంటుంది. ఇంకా పట్టుదల ఉన్నవాళ్లు క్రిస్టల్ పీకేసి, జీపీఎస్‌తో కట్టేసిన ఆసిలేటర్ నుంచి 25 మెగాహెర్ట్జ్ ఎక్కిస్తారు. సన్నని టంకం ముక్కు, స్థిరమైన చెయ్యి ఉంటే తప్ప ఆ జోలికి పోకపోవడం మంచిది.

వాన సంగతి క్లుప్తంగా. 10 గిగాలో జోరువాన కిలోమీటరుకు ఒకటి రెండు డెసిబెల్ మింగుతుంది. అదే వాన ఉపకారం కూడా చేస్తుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో కనుమల మీద నిటారుగా లేచే ఉరుముల మబ్బును రెండు స్టేషన్లూ గురిపెడితే, నడుమ కొండ అడ్డున్నా చినుకుల మీద చెదిరిన సిగ్నల్ అందుతుంది. గొంతు బొంగురుపోయి, గాలికి రెపరెపలాడుతూ వస్తుంది. మోర్సు అయితే మరీ తేలిగ్గా అర్థమవుతుంది. 24 గిగాహెర్ట్జ్ మాత్రం ఈ తీరానికి అంత అచ్చిరాదు. 22 గిగా దగ్గర నీటి ఆవిరి పీల్చుకునే గీత ఉంది. మన ఉక్కపోతలో 100 కిలోమీటర్లకు 40 డెసిబెల్ పైగా దానికే సమర్పించుకోవాలి. చలికాలపు పొడి ఉదయాల్లో కొండ మీద నుంచి కొండ మీదకు తప్ప దాని మీద ఆశ పెట్టుకోవడం వృథా.

తుపానుల గురించి ఒక మాట. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటి నుంచి ఈ ప్రాంతంలో హ్యామ్ రేడియో మాటెత్తితే విపత్తు సాయం గుర్తుకొస్తుంది. మైక్రోవేవ్‌కు ఆ పేరు తగిలించడం అతి. మూడు డిగ్రీల గురి గంటకు 140 కిలోమీటర్ల గాలిలో నిలవదు. ఆ పనికి తీగ ఏంటెన్నాల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్), చేతి సెట్ల వీహెచ్‌ఎఫ్ (144 మెగాహెర్ట్జ్ లాంటివి) ఉన్నాయి. గాలి నిలిచిన తరవాత రెండు ఊళ్ల మధ్య డేటా లింకు వేయడానికి డిష్‌లు పనికొస్తాయి, అదీ ముందే అలవాటున్న చేతులకు.

ఇక చట్టం. వినడానికి డాంగిల్ చాలు గానీ, పంపడానికి లైసెన్సు కావాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్ష రాయవచ్చు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. మన లైసెన్సుల్లో చాలాకాలంగా కనిపిస్తున్న మైక్రోవేవ్ పట్టీలు మూడు: 1260–1300, 3300–3400, 5725–5840 మెగాహెర్ట్జ్. నడిమిదాని మీద ఆశ వదులుకోవాల్సిందే, 2022 వేలంలో 3300 నుంచి 3670 దాకా 5జీకి వెళ్లింది. 10 గిగా బ్యాండ్ అంతర్జాతీయ పట్టికలో అమెచ్యూర్లకు ఉన్నా, బటన్ నొక్కే ముందు చూడాల్సింది చేతిలోని లైసెన్సును. అందులో లేని చోట ప్రసారం చేస్తే అది నేరం. పక్కనే విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న తీరం ఇది. ఒడ్డున డిష్ నిలబెట్టి చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాణ్ని పోలీసులు పలకరించడంలో ఆశ్చర్యం లేదు, లైసెన్సు కాపీ జేబులో ఉంటే టెన్షన్ లేదు.

ఈ లెక్కలన్నీ చూస్తే ఇక్కడ ప్రసారాలకు ఎంచుకోవాల్సింది 5.7 గిగా. ప్రపంచమంతటా సన్నని సిగ్నళ్లకు వాడే 5,760 మెగాహెర్ట్జ్ మన పట్టీ లోపలే పడుతుంది. డ్రోన్ల నుంచి వీడియో పంపే చిన్న బోర్డుల్లో అది సిద్ధంగా ఉన్న ఛానెల్. వైఫైతో పోటీ ఊళ్లో ఉంటుంది, సముద్రం మీద ఉండదు. కావలసింది రెండో చివర. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు చేతి సెట్ కొని, రిపీటర్ (అందిన మాటను మళ్లీ బలంగా పంపే స్టేషన్) మీద పలకరింపులతో ఆగిపోతుంటారు. ఇద్దరు కలిసి అనుమతి తీసుకుని ఒక బీకన్ పెట్టినా కథ మారుతుంది. తీరంలో ఒక మేడ మీద, నీటికి మరీ ఎత్తు కాకుండా, రోజంతా మోర్సులో తన కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే స్టేషన్ పేరు) చెప్పుకునే వంద మిల్లీవాట్ల పెట్టె. భావనపాడులోనో బారువలోనో ఒకరు గంట గంటకూ దాని బలాన్ని కంప్యూటర్‌తో నమోదు చేయాలి, పక్క గడిలో గాలి దిక్కు, ఉష్ణోగ్రత, తేమ రాయాలి. సముద్రపు గాలి ఎన్నింటికి మళ్లింది, సిగ్నల్ ఎన్నింటికి లేచింది అన్న రెండు గడులు ఒక వేసవంతా నిండితే, పూరీ వైపు డిష్ తిప్పాల్సిన గంట ఏదో ఆ పట్టికే చెబుతుంది.